కాలేజీ బాస్కెట్‌బాల్ చూడబోతున్నారా? ఎవరిది ఏ పొజిషనో వెతక్కండి

ఆగస్టులో అమెరికాలో దిగినవాళ్లకు మొదట తగిలేది ఫుట్‌బాల్ గోల. అది ఇంకా నడుస్తుండగానే నవంబర్ మొదట్లో బాస్కెట్‌బాల్ మొదలవుతుంది, మళ్లీ ఏప్రిల్ దాకా వదలదు. ఇండియానా, మిషిగన్, అయోవా, ఒహాయో వైపు చదువుకోవడానికి వచ్చారంటే ల్యాబ్‌లో, బస్సులో, ఒక్కోసారి ప్రొఫెసర్ గదిలో కూడా ఇదే మాట. మార్చిలో ఎవరో ఒకరు బ్రాకెట్, అంటే జాతీయ టోర్నమెంట్‌లో ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ఊహించి రాసే పట్టిక, నింపమని లింకు పంపుతారు. టికెట్లు ఎలా కొనాలో, చలికి ఏం వేసుకోవాలో సీనియర్లు చెబుతారు. కోర్టులో ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ చెప్పరు, మీకు తెలుసనే అనుకుంటారు.

మన స్కూళ్లలో పీఈటీ సారు పొడుగువాణ్ణి రింగ్ కింద నిలబెట్టి, చురుగ్గా ఉన్న పొట్టివాడి చేతికి బంతి ఇచ్చేవారు. ఇక్కడి పాత లెక్కా అదే, కాకపోతే దానికి నంబర్లున్నాయి. 1 పాయింట్ గార్డ్, 2 షూటింగ్ గార్డ్, 3 స్మాల్ ఫార్వర్డ్, 4 పవర్ ఫార్వర్డ్, 5 సెంటర్. టీవీలో ఇప్పటికీ ఈ మాటలు వినిపిస్తాయి. కామెంటేటర్ 'వాళ్ల ఫోర్ బయటికొచ్చాడు' అంటే స్కోరు గురించి కాదు, మనిషి గురించి. కానీ ఈ ఐదింటినీ పట్టుకుని కోర్టు మీద ఎవరు ఏదో పోల్చుకోబోతే పది నిమిషాల్లో తల తిరుగుతుంది. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో జట్టు రోస్టర్ తెరిచి చూడండి. చాలాచోట్ల ఆటగాడి పేరు పక్కన గార్డ్, ఫార్వర్డ్, సెంటర్ అనే మూడింట్లో ఏదో ఒకటే ఉంటుంది, కొందరికి రెండూ కలిపి రాస్తారు. జట్టువాళ్లే అంతకు మించి తేల్చి చెప్పడం లేదు.

ఇండియానాపోలిస్‌లోని బట్లర్ యూనివర్సిటీని 2010, 2011లో వరసగా ఫైనల్‌కు చేర్చిన కోచ్ బ్రాడ్ స్టీవెన్స్ తర్వాత బోస్టన్ ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లాడు. అక్కడ ఉండగా 2017లో, తన లెక్కలో ఇప్పుడు ఐదు పొజిషన్లు లేవు, బంతి నడిపేవాళ్లు, వింగ్‌లు (పక్కల ఆడేవాళ్లు), బిగ్‌లు (పొడుగువాళ్లు) అని మూడే రకాలు అన్నాడు. కొత్తగా చూసేవాళ్లకు ఈ మూడూ చాలు. ఇందులోనూ కొన్నాళ్లకు గీతలు చెరిగిపోతాయనుకోండి.

ఇదంతా ఎందుకు మారిందంటే, ముందు త్రీ, అంటే గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్. కాలేజీ పురుషుల ఆటలో మూడు పాయింట్ల గీత దేశమంతటా 1986-87 సీజన్‌లో వచ్చింది. అప్పుడు అది 19 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది, 2008లో ఒక అడుగు, 2019లో ఇంకాస్త వెనక్కి జరిగి 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళం అయింది. గీత వెనక్కి పోతున్నా వేసేవాళ్లు తగ్గలేదు. లెక్క చిన్నదే. మూడు త్రీలలో ఒకటి పడినా షాట్‌కు సగటున ఒక పాయింట్. గీత లోపల నుంచి ఐదు జంప్ షాట్లలో రెండు పడితే 0.8. ఈ లెక్క కోచ్‌ల బుర్రకెక్కాక, బయటి నుంచి వేయలేని మనిషి కోర్టు మీద ఎంతమంది ఉండొచ్చన్న ప్రశ్న వచ్చింది. ఒకడైతే ఫర్వాలేదు, ఇద్దరైతే కష్టం. అలా ముందు పవర్ ఫార్వర్డ్ బయటికొచ్చాడు. వాణ్ణే స్ట్రెచ్ ఫోర్ అంటారు. తర్వాత సెంటర్ మీద పడ్డారు. 2018లో విల్లనోవా యూనివర్సిటీ జాతీయ కప్పు గెలిచినప్పుడు సెమీఫైనల్లో కాన్సాస్ మీద 18 త్రీలు కొట్టింది. ఆ జట్టు బిగ్ మ్యాన్ ఒమారీ స్పెల్‌మన్ గీత బయట నుంచి వేస్తుంటే, పాయింట్ గార్డ్ జేలెన్ బ్రన్సన్ తనకన్నా చిన్న గార్డులను వీపుతో నెట్టుకుంటూ రింగ్ దగ్గరకు పోయేవాడు. పెద్దవాడు బయట, చిన్నవాడు లోపల.

క్రికెట్ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకప్పుడు వికెట్‌కీపర్ కీపింగ్ చేస్తే చాలు. గిల్‌క్రిస్ట్ వచ్చి, 2005లో మన విశాఖపట్నంలో ధోనీ 148 కొట్టాక, బ్యాటింగ్ రాని కీపర్‌కు జట్టులో చోటు దొరకడం కష్టమైంది. ఇక్కడ షూటింగ్ రాని బిగ్‌కు పట్టిన గతి అదే.

అయితే మారింది చేతిలో బంతి ఉన్నప్పుడే కాదు. 2024-25లో మిషిగన్ జట్టు ఆడిన తీరు చూడండి. అంతకు ముందు ఏడాది 8 గెలిచి 24 ఓడిన జట్టు అది. కొత్త కోచ్ డస్టీ మే వచ్చాడు, యేల్ నుంచి ఏడడుగుల డానీ వుల్ఫ్‌ను, ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి ఏడడుగుల ఒక అంగుళం వ్లాదిస్లావ్ గోల్డిన్‌ను తెచ్చుకున్నాడు. పాత లెక్కలో ఇద్దరూ సెంటర్లే, ఒకరు ఆడితే ఇంకొకరు బెంచీ మీద. మే ఇద్దర్నీ కలిపి ఆడించాడు. వుల్ఫ్ గార్డులాగా బంతి తట్టుకుంటూ పైకి వస్తాడు, గోల్డిన్ వచ్చి వుల్ఫ్‌ను కాస్తున్నవాడికి అడ్డం నిలబడతాడు. దీన్నే స్క్రీన్ పెట్టడం అంటారు. మామూలుగా స్క్రీన్ పడినప్పుడు అవతలి వాళ్లలో ఒకడు బిగ్, ఒకడు గార్డ్ ఉంటారు. ఇక్కడ అవతలివాళ్ల ఇద్దరు బిగ్‌లూ రింగ్ వదిలేసి పాతికడుగుల దూరంలో నిలబడాల్సి వచ్చింది. వెనక రింగ్ కాసేవాడే లేడు. గోల్డిన్ తిరిగి లోపలికి పరిగెత్తితే పైనుంచి వుల్ఫ్ అందించేవాడు. ఆ ఏడాది మిషిగన్ తను ఆడే యూనివర్సిటీల కూటమి బిగ్ టెన్ టోర్నమెంట్ గెలిచింది.

పొడుగువాడు బంతి నడపడం నిన్న పుట్టింది కాదులెండి. 1979లో లారీ బర్డ్ జట్టును ఓడించి మిషిగన్ స్టేట్‌కు కప్పు తెచ్చిన మ్యాజిక్ జాన్సన్ ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. అప్పుడు అలాంటివాడు ఒక వింత. ఇప్పుడు కోచ్‌లు అలాంటివాళ్ల కోసమే వెతుకుతున్నారు.

ఇంతా విని, పాత తరం సెంటర్ పోయాడనుకుంటే ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీవాళ్లు నవ్వుతారు. వాళ్ల ఊరు వెస్ట్ లఫాయెట్‌లో చేరిన తెలుగువాళ్లు తక్కువేం కాదు, వాళ్లకు జాక్ ఈడీ కథ వినిపించే ఉంటుంది. టొరంటో కుర్రాడు, 7 అడుగుల 4 అంగుళాలు, త్రీల జోలికే పోయేవాడు కాదు. 2023, 2024 రెండేళ్లూ దేశంలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడు అతనే. అతని చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది బయటి నుంచి వేయగలిగినవాళ్లు, 2023-24 సీజన్‌లో జట్టు త్రీలలో సుమారు 40 శాతం పడేవి. ఈడీ మీదకు ఇద్దరు పోతే బంతి బయటికి వచ్చేది, త్రీ పడేది. 2024 ఫైనల్లో కనెటికట్ ఏం చేసిందంటే, ఇద్దర్ని పంపడం మానేసింది. 7 అడుగుల 2 అంగుళాల డానవన్ క్లింగన్‌కు ఎక్కువగా అతణ్ణి ఒంటరిగా అప్పగించి, మిగతావాళ్లను షూటర్లకు అతుక్కుపొమ్మంది. ఈడీ 37 పాయింట్లు కొట్టాడు. పర్డ్యూకు పడిన త్రీ ఒక్కటే. 75-60తో ఓడింది. ఆ మ్యాచ్ వీడియో దొరికితే ఒకసారి చూడండి. ఒక మనిషి విలువ మిగతా నలుగురు ఎక్కడ నిలబడ్డారన్న దాన్ని బట్టి ఎలా మారిపోతుందో అంత బాగా చూపించే ఆట ఇంకోటి నాకు తట్టడం లేదు.

ఈడీ గురించి మనవాళ్లకు పట్టే ఇంకో సంగతి ఉంది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు. ఈడీ మాత్రం మనలాగే ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు, అమెరికా గడ్డ మీద అలాంటి పనికి వీసా అడ్డం. కెంటకీలో ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే 2022లో జట్టుతో బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ఆ పని చూసుకున్నాడు. సీపీటీ, ఓపీటీ అంటూ పని అనుమతుల టెన్షన్ మనకొక్కరికే అనుకోకండి.

ఈ డబ్బుకూ పొజిషన్లకూ సంబంధం ఉంది. ప్రొఫెషనల్ జట్లు పెద్దగా పట్టించుకోని పాత పద్ధతి సెంటర్‌కు ఇప్పుడు కాలేజీలోనే మంచి డబ్బు దొరుకుతుంది, కాబట్టి ఇంకో ఏడాది ఉండిపోతాడు. దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. ఒకప్పుడు కాలేజీ మారితే ఒక సీజన్ కూర్చోవాల్సి వచ్చేది, ఇప్పుడు చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. అందుకే కోచ్‌లు ఏటా వసంతంలో సగం జట్టును కొత్తగా కట్టుకుంటున్నారు. ఫలానా పని చేసేవాడు కావాలని వెతుకుతారే తప్ప ఫలానా నంబర్‌వాడని కాదు. మీరు కష్టపడి పేర్లు నేర్చుకుంటే వచ్చే ఏడాదికి అందులో సగం ఉండవు. నాకిది నచ్చదు, కానీ ఆటగాళ్ల వైపు నుంచి చూస్తే న్యాయమే.

మొదటి మ్యాచ్‌కు వెళ్లినప్పుడు బంతినే చూడకండి. ప్రతిసారీ పైకి బంతి ఎవరు తెస్తున్నారు? అవతలివాళ్లు గీత దగ్గర ఎవర్ని ఖాళీగా వదిలేస్తున్నారు? వదిలేశారంటే వాడికి షూటింగ్ రాదని అర్థం, అక్కడే ఆ జట్టు ఆట ఇరుక్కుంటుంది. స్క్రీన్ పడినప్పుడు కాపలావాళ్లు మనుషుల్ని మార్చుకుంటున్నారా? దాన్ని స్విచ్ అంటారు. షాట్ వేయడానికి గడువు 30 సెకన్లు, ఆ కాస్తలోనే రెండు మూడు స్విచ్‌లు జరిగి ఓ పొట్టి గార్డ్ ఏడడుగుల మనిషి ముందు చిక్కుకుపోతాడు. స్టూడెంట్ సెక్షన్‌లో అందరూ ఎందుకు ఒక్కసారిగా అరిచారో అప్పుడు తెలుస్తుంది.

మహిళల మ్యాచ్‌లు వదలొద్దు. చాలాచోట్ల సీట్లు సులువుగా దొరుకుతాయి, ఆట స్పష్టంగా కనిపిస్తుంది. అయోవా గార్డ్ కెయిట్లిన్ క్లార్క్ గీతకు చాలా వెనక నుంచి వేయడం మొదలెట్టాక ఎదుటి జట్లు కోర్టు సగం నుంచే కాపలా కాయాల్సి వచ్చింది, తోటివాళ్లకు లోపలంతా ఖాళీ. 3,951 పాయింట్లతో కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1 రికార్డు ఆమెది. 2024లో మహిళల ఫైనల్‌ను పురుషుల ఫైనల్ కన్నా ఎక్కువ మంది టీవీలో చూశారు.

ఇక రెక్ సెంటర్, అంటే క్యాంపస్‌లో ఆటలాడుకునే చోటు. సాయంత్రం పూట అక్కడ ఆట నడుస్తుంటే పక్కన నిలబడి చూస్తూ ఉండిపోకండి, 'నెక్స్ట్ నాది' అని చెప్పి వరసలో ఉండండి. మీ పొజిషన్ ఏమిటని అడిగితే మొహమాటపడక్కర్లేదు. షూట్ చేస్తారా, పాస్ ఇస్తారా, గట్టిగా డిఫెండ్ చేస్తారా, అదొక్కటి చెప్పండి చాలు. స్క్రీన్ పడినప్పుడు మాత్రం 'స్విచ్' అని గట్టిగా అరవండి. అరవకపోతే మీరిద్దరూ ఒక్కడి మీదకే పోతారు, రెండోవాడు తీరిగ్గా రింగ్ దగ్గరకెళ్లి లేఅప్ వేసుకుంటాడు, ఆ పూటకు మీకు పాస్ ఇచ్చేవాడు ఉండడు.