కొత్త ఖనిజ ప్లాంటును నడకలో పెట్టాలంటే మెటలర్జిస్టు ఏం చేయాలి

మెటలర్జీ చదివి ఉద్యోగంలో చేరగానే కమిషనింగ్ (కొత్త ప్లాంటును మొదటిసారి నడిపించే) టీములోకి దూకాలని ఉబలాటపడకండి. మొదటి రెండు మూడేళ్లు నడుస్తున్న ప్లాంటులో షిఫ్టులు చేయండి, అందులోనూ రాత్రి షిఫ్టులు. ఖనిజాన్ని పొడిచేసే మిల్లు సక్రమంగా తిరిగితే చప్పుడు ఎలా ఉంటుందో చెవికి అలవాటవ్వాలి, ముతక పొడినీ మెత్తటి పొడినీ వేరుచేసే సైక్లోన్ కింది నుంచి స్లర్రీ (నీళ్లలో కలిసిన ఖనిజ పొడి) గొడుగులా విచ్చుకుని పడుతోందా లేక తాడులా ముద్దగా జారుతోందా అన్నది దూరం నుంచే పోల్చుకోగలగాలి. ఆ కన్ను లేకపోతే కొత్త ప్లాంటులో ఏది నాలుగు రోజుల్లో సర్దుకునే చిక్కో, ఏది డిజైన్‌లోనే ఉన్న లోపమో తేల్చలేరు.

సైటుకి వెళ్లకముందే టెస్ట్‌వర్క్ (ఖనిజం మీద ముందుగా చేసిన పరీక్షల) రిపోర్టు మొత్తం చదవండి, ముందున్న నాలుగు పేజీల సారాంశం కాదు, వెనకాల ఎవరూ తిప్పని అనుబంధాలు. శాంపిళ్లు గనిలో ఎక్కడ, ఎంత లోతులో తీశారు? మొదటి ఏడాది తవ్వబోయేది అదే ఖనిజమా? చాలా చోట్ల పరీక్షలన్నీ లోతులోని గట్టి రాయి మీద జరుగుతాయి, మిల్లులోకి ముందుగా వచ్చేది మాత్రం పైపొరల్లోని బంకమట్టి కలిసిన సరుకు. నీళ్ల సంగతీ అంతే: ల్యాబ్‌లో వాడింది శుభ్రమైన నీళ్లు, ప్లాంటులో తిరిగేది టెయిలింగ్స్ (లోహం తీసేశాక మిగిలిన వ్యర్థం) నుంచి మళ్లీ మళ్లీ వచ్చే నీళ్లు, దాంతో ఫ్లోటేషన్ (ఖనిజాన్ని నురగతో పైకి తేల్చి వేరుచేసే పద్ధతి) నురగ తీరే మారిపోవచ్చు. ఇంకో చిన్న లెక్క కూడా వేసుకోండి. రోజుకు 10,000 టన్నుల ప్లాంటంటే గంటకు 417 టన్నులు అనుకుంటారు, కానీ మిల్లు 92 శాతం సమయమే నడుస్తుందంటే గంటకు దాదాపు 453 టన్నులు లాగాలి. పంపులూ బెల్టులూ ఏ అంకెకు సరిపోయేలా కొన్నారో అప్పుడే అడగండి.

ఇదంతా చాదస్తం అనిపిస్తే మెటలర్జీ నిపుణుడు టెరీ మెక్‌నల్టీ 1998లో వేసిన గ్రాఫులు చూడండి. ప్లాంట్లు పూర్తి సామర్థ్యానికి చేరే తీరును ఆయన నాలుగు రకాలుగా విడదీశారు. తెలిసిన టెక్నాలజీ, సరైన పైలట్ (చిన్న నమూనా ప్లాంటులో చేసే) పరీక్షలు ఉన్నవి త్వరగా అందుకుంటాయి, రసాయన ప్రక్రియ సరిగ్గా అర్థం కాకుండానే కట్టినవి అట్టడుగున మిగులుతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1990ల చివర మొదలైన నికెల్ ప్లాంట్లలో ‘మరిన్ మరిన్’ అనేది ఏళ్ల తరబడి డిజైన్ అంకెను అందుకోలేక తంటాలు పడింది, బులాంగ్ 2003లో మూతే పడింది.

కట్టడం పూర్తయిందని చెప్పగానే పంచ్ లిస్టుతో (ఇంకా మిగిలిన పనుల జాబితా) ప్రతి లైనూ కాలినడకన తిరగండి. మోటారు తిరిగే దిశ చూసేటప్పుడు పంపు బెల్టులు తీసేసి ఉన్నాయా లేదా మీ కళ్లతో చూసుకోండి. మరమేకులా తిప్పి బిగించే ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) ఉన్న స్లర్రీ పంపు ఒక్కసారి వెనక్కి తిరిగితే ఇంపెల్లర్ ఊడి కేసింగ్‌ని పగలగొడుతుంది. తర్వాత ఉత్త నీళ్లతో నడపాలి, ఈ దశను కుదించమని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా ఒప్పుకోవద్దు. వెల్డింగ్ కడ్డీలు, చేతి తొడుగులు, చెక్క ముక్కలు బయటపడేది ఇప్పుడే. సాంద్రత కొలిచే డెన్సిటీ గేజ్ నీళ్ల మీద 1.00 చూపించాలి, బెల్టు తూకం సరిచూసి ఉండాలి, నమూనాలు తీసే శాంప్లర్ స్లర్రీ ధార మొత్తాన్నీ అడ్డంగా కోయాలి. కొలతలు నమ్మదగ్గవి కాకపోతే ఆ తర్వాత జరిగే ప్రతి మీటింగూ వాదులాటే.

ఖనిజం వేసే రోజు గ్రేడు (అందులోని లోహం శాతం) తక్కువైనా బాగా తెలిసిన సరుకుతో మొదలుపెట్టండి, మంచిది తర్వాతకి దాచుకోండి. మిల్లులో ఖనిజాన్ని నూరే ఉక్కు బంతులు విడతలవారీగా వేయాలి, రాయి లేకుండా బంతులతో తిప్పితే లైనర్లు (మిల్లు లోపలి రక్షణ పలకలు) పగులుతాయి. మొదటి రోజుల్లో మిల్లు ఆపి లైనర్ బోల్టులు మళ్లీ బిగించే పని ప్రణాళికలోనే రాసి ఉంచండి. బంగారం ప్లాంటైతే సున్నం వేసి పీహెచ్ 10.5 దాటాకే సయనైడ్, లేకపోతే విషవాయువు లేస్తుంది, ఇక్కడ బేరాలు లేవు.

అందరూ రికవరీ (ఖనిజంలోని లోహంలో చేతికొచ్చిన వంతు) ఎంత అని అడుగుతూనే ఉంటారు, ఆ టెన్షన్ మీ మీదకు తెచ్చుకోకండి. ముందు గంటగంటకీ ఒకే టన్నులు వెళ్లేలా చూడండి. లోహం ఫీడ్ (లోపలికి వేసే ఖనిజం)లో 1.0 శాతం, కాన్సంట్రేట్ (వేరుచేసిన చిక్కటి సరుకు)లో 25 శాతం, టెయిలింగ్స్ లో 0.10 శాతం అయితే రికవరీ దాదాపు 90.4 శాతం, కానీ ఈ లెక్క ప్లాంటు నిలకడగా ఉన్నప్పుడే చెల్లుతుంది, ట్యాంకులూ సెల్లులూ ఇంకా నిండుతున్నప్పుడు వచ్చే అంకె మంచిదైనా చెడ్డదైనా పట్టించుకోనక్కర్లేదు. రియేజెంట్ల (కలిపే రసాయనాల) మోతాదు ఒక షిఫ్టులో ఒక్కటే మార్చండి, మార్చింది ఎవరో ఎందుకో లాగ్‌బుక్‌లో రాయించండి. ఆపరేటర్లు చెప్పేది వినండి, పంపు మొరాయించబోతోందని స్క్రీన్ కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

కెరీర్ మాటకొస్తే, మొదటి కాన్సంట్రేట్ రాగానే ఫొటో దిగి తర్వాతి సైటుకి ఎగిరిపోయేవాళ్లు ఎక్కువ. మీరు కనీసం పర్ఫార్మెన్స్ టెస్టు (ప్లాంటు డిజైన్ అంకెను అందుకుందా అని చూసే పరీక్ష) అయ్యేదాకా ఉండండి, వీలైతే మొదటి లైనర్ల మార్పిడి దాకా. తర్వాతి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే మీరూ ప్రశ్నలు వేయండి: పైలట్ ప్లాంటు నడిపారా, ఏ ఖనిజంతో, ఏ నీళ్లతో? నీళ్లతో నడపడానికి షెడ్యూల్లో ఎన్ని వారాలు పెట్టారు? ఆపరేటర్లను ఖనిజం వేయడానికి ఎంత ముందుగా తీసుకుంటున్నారు?