ఆన్‌లైన్ చెస్‌లో మర్యాదగా ఆడడం ఎలా?

బల్ల మీద చదరంగమైతే సగం మర్యాద దానంతట అదే వస్తుంది. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటాడు, ఆటకు ముందూ తరవాతా చేయి కలుపుతాం, ఓడిపోతున్నామని మధ్యలో లేచి వెళ్లిపోవాలంటే సిగ్గేస్తుంది. ఫోన్‌లో ఆ సిగ్గు ఉండదు. అవతల ఉన్నది విశాఖ ఎంవీపీ కాలనీ పిల్లాడో, బ్రెజిల్ పెద్దాయనో తెలియదు. ఎవరైనా సరే, ఈ గేమ్ కోసం కొంత సమయం పక్కన పెట్టి కూర్చున్నారు. ఆన్‌లైన్ మర్యాదలో ముప్పాతిక వంతు ఆ సమయం గురించే. చాట్‌లో ఏం రాశామన్నది ఆ తరవాతి సంగతి.

ముందు టైమ్ లెక్క చూసుకోండి

10+0 అంటే ఒక్కొక్కరికి 10 నిమిషాలు, అదనం ఏమీ లేదు. ఎంత లాగినా 20 నిమిషాల్లో తేలిపోతుంది. 15+10లో ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు కలుస్తాయి కాబట్టి, 40 ఎత్తుల గేమ్‌లో ఒక్కొక్కరి చేతిలో 21 నిమిషాల 40 సెకన్లు ఉంటాయి. ఇద్దరూ పూర్తిగా వాడుకుంటే 43 నిమిషాలు దాటుతుంది. అదే 40 ఎత్తులు 3+2లో తొమ్మిది నిమిషాల లోపే అయిపోతాయి. షిఫ్ట్ బస్సుకు పావుగంట ఉందనగా 15+10 మొదలుపెడితే తప్పు బస్సుది కాదు.

తరవాత నెట్. అరకు రైల్లో ఘాట్ ఎక్కాక సొరంగాలు వరుసపెట్టి వస్తాయి, సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. అక్కడ రేటెడ్ గేమ్ (గెలుపోటములను బట్టి మీ స్థాయిని చెప్పే అంకె, అంటే రేటింగ్, మారే గేమ్) పెట్టుకోవద్దు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, కాబట్టి రౌటర్‌కు బ్యాకప్ లేనివాళ్లు మొబైల్ డేటా సిద్ధంగా ఉంచుకోవాలి. ఫోన్‌ను డూ నాట్ డిస్టర్బ్‌లో పెట్టండి. కాల్ వస్తే బోర్డు మాయమవుతుంది గాని గడియారం ఆగదు.

మొదలుపెట్టాక

నల్ల పావులు వచ్చాయనో, ఎదుటివాళ్ల రేటింగ్ ఎక్కువనో అబార్ట్ (గేమ్ రద్దు) నొక్కకండి. ఆ బటన్ ఉన్నది పొరపాటున వేరే టైమ్ కంట్రోల్ ఎంచుకున్నవాళ్ల కోసం. పదే పదే వాడితే కాసేపు కొత్త గేమ్ దొరకకుండా సైటే ఆపేస్తుంది. పలకరింపుకు ఒక్క 'హలో' చాలు. లీచెస్ అనే చెస్ సైట్‌లో 'గుడ్ లక్' లాంటివి సిద్ధంగా బటన్ల రూపంలోనే ఉంటాయి. అవతలివాళ్లు బదులివ్వకపోతే నొచ్చుకోవద్దు. చాలామంది చాట్‌ను పూర్తిగా ఆపేసుకుని ఆడతారు.

గేమ్ మధ్యలో మాట్లాడవద్దు. ముఖ్యంగా ఎదుటివాళ్లు ఆలోచిస్తున్నప్పుడు ప్రశ్నార్థకాలు పంపడం, 'త్వరగా ఆడు గురూ' అనడం చేయకూడదు. వాళ్ల టైమ్ వాళ్లు వాడుకుంటున్నారు.

డ్రా అడగడానికి ఒక పద్ధతి ఉంది. మీ ఎత్తు ఆడి, ఒకసారి అడగండి. అవతలివాళ్లు మరో ఎత్తు ఆడితే వద్దన్నట్టే. పొజిషన్‌లో ఏదైనా మారేదాకా, అంటే క్వీన్లు మారిపోవడమో బంట్లు లాక్ అవ్వడమో జరిగేదాకా, మళ్లీ అడగవద్దు. ఓడిపోయే పొజిషన్‌లో ఉండి ప్రతి రెండు ఎత్తులకూ డ్రా బటన్ నొక్కడం అడుక్కోవడమే. అదే పొజిషన్ మూడుసార్లు వస్తే డ్రా హక్కుగా దొరుకుతుంది. చెస్ డాట్ కామ్‌లో అది దానంతట అదే అవుతుంది, లీచెస్‌లో మీరే క్లెయిమ్ నొక్కాలి.

వేలు జారి క్వీన్ పక్క గడిలో పడితే టేక్‌బ్యాక్, అంటే ఎత్తు వెనక్కి తీసుకునే అవకాశం, ఒకసారి అడగవచ్చు. ఇవ్వడం మాత్రం అవతలివాళ్ల ఇష్టం. స్నేహితులతో క్యాజువల్ గేమ్‌లో ఇచ్చేయండి. రేటెడ్‌లో ముట్టుకున్న పావునే కదపాలన్న పాత నియమాన్ని గుర్తుపెట్టుకుని ఊరుకోవడం మేలు.

ఓడిపోతున్నప్పుడు

అసలు మర్యాద బయటపడేది ఇక్కడే. గుర్రం ఉత్తినే పోయింది. మీ గడియారంలో ఇంకా 7 నిమిషాలున్నాయి. రిజైన్ చేయవచ్చు, అంటే ఓటమి ఒప్పుకోవచ్చు, లేదా పోరాడవచ్చు. రెండూ మర్యాదే. ఫోన్ పక్కన పడేసి ఆ 7 నిమిషాలూ కరిగిపోనివ్వడం మాత్రం కాదు. కదలని బోర్డు వైపు చూస్తూ కూర్చోవలసినవాళ్లు గెలుస్తున్నవాళ్లే. వాళ్లు చేసిన తప్పల్లా బాగా ఆడడమే! సైట్లు దీన్ని పట్టుకుంటాయి, ముందు హెచ్చరిక వస్తుంది, తరవాత కొత్త గేమ్‌లకు అడ్డు పడుతుంది.

రిజైన్ ఎప్పుడు చేయాలన్నదానికి ఒకే జవాబు లేదు. 'ఇంకా ఎందుకు ఆడుతున్నావ్' అని అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు చివరిదాకా ఆడడమే మంచిది, ఎందుకంటే ఆ స్థాయిలో గెలుపు చేతిలో ఉన్నవాళ్లు కూడా తడబడతారు. ఒకటి చూడండి. నల్ల రాజు మూల గడి హెచ్8లో ఒంటరిగా ఉన్నాడు. తెల్లవాళ్లు తొందరలో క్వీన్‌ను జీ6లో పెట్టారు. చెక్ లేదు, కానీ జీ8, జీ7, హెచ్7 మూడూ క్వీన్ గుప్పిట్లోనే ఉన్నాయి. రాజుకు కదలడానికి గడి లేదు. దీన్నే స్టేల్‌మేట్ అంటారు, గేమ్ డ్రా, సగం పాయింట్ మీదే.

గెలుస్తున్నవాళ్లకూ ఇందులో పాఠం ఉంది. మేట్ మూడు ఎత్తుల్లో దొరుకుతున్నా ప్రతి బంటునూ క్వీన్ చేసి ఆడుకోవడం ఎగతాళి. పైగా క్వీన్లు ఎక్కువైనకొద్దీ స్టేల్‌మేట్ ప్రమాదం పెరుగుతుంది. దగ్గరి దారిలో ముగించేయండి.

టైమ్ మీద గెలవడం అన్యాయమని కొందరు గోల పెడతారు. 3+0లో గడియారం కూడా ఒక పావే. అది నచ్చకపోతే ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకూ కలిసే సెకన్లు) ఉన్న గేమ్ ఎంచుకోవాలి. మీ దగ్గర ఉత్త రాజు మాత్రమే మిగిలి ఉంటే మాత్రం, అవతలివాళ్ల టైమ్ అయిపోయినా అది డ్రానే.

గేమ్ అయ్యాక

'గుడ్ గేమ్' అని పెట్టి వెళ్లిపోవచ్చు. మేట్ ఇంకా పడకముందే గెలుస్తున్నవాళ్లు 'జీజీ' కొడితే మాత్రం వెక్కిరింతలా ఉంటుంది. రీమ్యాచ్ ఒప్పుకోవడం తప్పనిసరి కాదు, ఒకసారి అడిగి వదిలేయండి.

సాయం, అనుమానం

ఎంజిన్, అంటే మంచి ఎత్తు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్, వాడకూడదని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, వెనక నిలబడి అన్నయ్య ఎత్తు చెప్పినా అదీ మోసమే. కొడుకు అకౌంట్‌లో నాన్న ఆడడమూ అంతే. రోజుకో ఎత్తు ఆడే కరెస్పాండెన్స్ గేమ్‌ల్లో ఓపెనింగ్ పుస్తకాలు చూడవచ్చు, ఎంజిన్ అక్కడా కూడదు. 2021 జూన్‌లో విశ్వనాథన్ ఆనంద్ కోవిడ్ సహాయం కోసం ప్రముఖులతో ఆన్‌లైన్‌లో ఆడినప్పుడు ఒక వ్యాపారవేత్త ఆయన్ని ఓడించి, మర్నాడు కంప్యూటర్ సాయం తీసుకున్నానని ఒప్పుకోవలసి వచ్చింది. సరదా ఆటే కదా అన్న సాకు పనికిరాలేదు.

ఎదుటివాళ్ల మీద అనుమానం వస్తే చాట్‌లో దొంగ అనకండి. ఒక్క గేమ్‌లో యాక్యురసీ (ఎత్తులు ఎంత సరిగ్గా ఉన్నాయో సైట్ చెప్పే శాతం) 95 దాటిందంటే అర్థం ఏమీ లేదు. ఓపెనింగ్‌లోనే ముగిసిన చిన్న గేమ్‌లో ఎవరికైనా వస్తుంది. పావుకు పావు కొట్టే తేలిక ఎత్తుకూ, తల బద్దలయ్యే ఎత్తుకూ ఒకే ఆరేడు సెకన్లు పడుతుంటే అది చూడదగ్గ సంగతి. రిపోర్ట్ బటన్ నొక్కి ఊరుకోండి. నిజంగా మోసమని తేలితే మీ పోయిన రేటింగ్ పాయింట్లు తిరిగి వస్తాయి.

అపార్ట్‌మెంట్ టోర్నీలో

మధురవాడలోనో గాజువాకలోనో వాట్సాప్ గ్రూపు పెట్టుకుని ఆదివారం లీచెస్ అరీనా (ఒక గేమ్ అవ్వగానే ఇంకొకటి ఆడే టోర్నీ) నడిపేవాళ్లకు రెండు మాటలు. నడుస్తున్న గేమ్ స్క్రీన్‌షాట్‌ను గ్రూపులో పెట్టవద్దు, ఎవరో ఒకరు ఎత్తు చెప్పేస్తారు. భోజనానికి లేచేటప్పుడు ముందు పాజ్ నొక్కండి. లేకపోతే గేమ్ అయ్యాక టోర్నీ పేజీ తెరిచి ఉంటే మరొకరితో జత కలిపేస్తుంది, మీరు చేయి కడుక్కుని వచ్చేదాకా వాళ్లు మీ మొదటి ఎత్తు కోసం చూస్తూ ఉంటారు.