గ్రహాల మీద నడక, 4వ పాఠం: అంగారకుడి మీద మీ కాలి పొడవెంత?

పోయిన పాఠంలో శని గ్రహం గురుత్వం భూమి గురుత్వానికి ఎన్ని రెట్లో లెక్క మీకే వదిలేయడం నా పొరపాటే. ద్రవ్యరాశి భూమికి 95 రెట్లు, వ్యాసార్ధం 9.45 రెట్లు, వ్యాసార్ధాన్ని వర్గం చేసి భాగిస్తే 1.06. చాలామందికి సరిగ్గానే వచ్చింది. కానీ జవాబు కింద "అయితే అంగారకుడి కన్నా శని మీదే హాయిగా నడవొచ్చు కదండీ" అని కూడా రాశారు. ఎక్కడ నడుస్తారండీ, అక్కడ నేలే లేదు! ఆ 1.06 మేఘాల పైభాగం దగ్గరి లెక్క. శని మనల్ని పట్టుకోవడం విన్నాం గానీ, మనం శనిని పట్టుకుని నిలబడే చోటు లేదు. గురుడు, యురేనస్, నెప్ట్యూన్ కూడా అంతే, కొట్టేయండి.

అంగారకుడికి 0.2 వచ్చినవాళ్ళు వర్గం చేయడం మర్చిపోయారు. 0.38 రావాలి. దీని గురించి ఇంకేం చెప్పను.

శుక్రుడికి 0.9 చూసి సంబరపడిన వాళ్ళకి ఒక్క మాట: అక్కడ వేడి 465 డిగ్రీలు, గాలి ఒత్తిడి మన దగ్గరికి 90 రెట్ల పైమాటే. 1982లో దిగిన సోవియట్ నౌక వెనెరా 13 అంత గట్టి లోహపు యంత్రమే 127 నిమిషాలకి చేతులెత్తేసింది. బుధుడిదీ 0.38 కాబట్టి లెక్క అంగారకుడిదే వాడుకోండి, గాలి మాత్రం అసలు లేదనుకోవచ్చు. అంగారకుడి మీద గాలి ఉన్నా ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో ఒక శాతం కూడా ఉండదు, సూటు లేకుండా కుదరదు. ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేద్దాం.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం, అంగారకుడి మీద నడక గురించి మీలో కొందరు రాసిన మాట. "బరువు మూడో వంతుకి దగ్గరగా తగ్గుతుంది కాబట్టి దాదాపు మూడు రెట్లు వేగంగా నడుస్తాం." ఈ మాట ఇంకోసారి రాయకండి దయచేసి. జరిగేది దానికి పూర్తిగా రివర్సు.

నడిచేటప్పుడు ఒక పాదం నేలకి ఆని ఉంటుంది, ఒళ్ళంతా ఆ కాలి మీదుగా చిన్న వంపు తిరిగి ముందుకి వాలుతుంది. ఆ వంపు తప్పిపోకుండా ఒంటిని కిందికి లాగి ఉంచేది గురుత్వమే. వేగం పెంచేకొద్దీ ఒళ్ళు పైకి లేవాలని చూస్తుంది, లాగే బలం చాలకపోతే పాదం నేల విడుస్తుంది, ఇక అది నడక కాదు, పరుగో గెంతో. లెక్కలో రాస్తే: వేగం వర్గాన్ని (g × కాలి పొడవు)తో భాగించండి, g అంటే ఆ గ్రహం మీద గురుత్వ త్వరణం. అది 1 దాటితే నడక కుదరదు, మనుషులు 0.5 దగ్గరే పరుగుకి మారిపోతారు. దీన్ని ఫ్రూడ్ సంఖ్య అంటారు, ఓడల మీద పనిచేసిన ఇంజనీరు పేరది, గుర్తుపెట్టుకోకపోయినా పర్లేదు.

నమ్మకం కలగకపోతే చిన్నపిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని బజారుకి తీసుకెళ్ళండి. మీరు కాస్త వేగంగా నడిస్తే చాలు, వాడు పక్కన పరుగెత్తుతాడు. అల్లరి కాదండీ అది, మీ కాలు 90 సెంటీమీటర్లు, వాడిది 45. ఆ 0.5 వచ్చే వేగమే నడకకి హద్దు అనుకుంటే, మీ హద్దు గంటకి 7.6 కిలోమీటర్లు, వాడిది 5.3.

నా అడ్డదారి ఇక్కడే ఉంది. లెక్కలో g, కాలి పొడవు గుణించుకుంటాయి కాబట్టి g తగ్గినా కాలు తగ్గినా ఒకటే, అందుకే నేను g జోలికి పోను, భూమి g నే ఉంచి కాలినే కుదిస్తాను. అంగారకుడికి 0.9 × 0.38 = 0.34 మీటర్లు. అంటే అక్కడ మీరు నడిచేది రెండేళ్ళ పిల్లాడి కాళ్ళతో! గంటకి 4.7 దాటితే గెంతాల్సిందే. చంద్రుడి మీదైతే 15 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు, హద్దు 3 కిలోమీటర్లు. (g అంత తగ్గినప్పుడు 0.5 దాటాక కూడా కొంత నడవగలరని ప్రయోగాల్లో తేలింది కాబట్టి చంద్రుడి లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది.) 1969 నుంచి 1972 దాకా అక్కడ తిరిగిన 12 మంది అలా గెంతుతూ వెళ్ళడం ఉత్త సరదా కాదు. బిగుసుకుపోయే సూటు ఒక కారణం, ఈ లెక్క ఇంకొకటి.

ఇంకో చిక్కు, బరువు తగ్గినా ద్రవ్యరాశి తగ్గదు. 1972 ఏప్రిల్లో అపోలో 16 వ్యోమగామి చార్లీ డ్యూక్ ఎంత ఎత్తు ఎగరగలడో చూద్దామని ఎగిరాడు. వీపున ఉన్న సంచీ వెనక్కి లాగేసింది, పైన ఉండగా సర్దుకునే వీల్లేక వెల్లకిలా పడ్డాడు. ఊపిరికి కావాల్సిన ఆక్సిజన్ ఉన్నది ఆ సంచీలోనే. ఏమీ పగల్లేదు కాబట్టి బతికిపోయాడు.

అభ్యాసం. తుంటి కీలు నుంచి నేల దాకా మీ కాలు కొలవండి. డాబా మీదో రోడ్డు మీదో 100 మీటర్లు గుర్తుపెట్టుకుని, సరిగ్గా 77 సెకన్లలో నడవండి, 90 సెంటీమీటర్ల కాలికి అదీ అంగారకుడి హద్దు. మీకది మామూలు నడకలాగే అనిపిస్తుంది. అక్కడ మాత్రం ఇంకాస్త తొందరపడితే కాలు నేల మీద నిలవదు. తర్వాత శని చంద్రుడు టైటాన్‌కి మీ కాలి పొడవు లెక్క చేయండి: ద్రవ్యరాశి భూమిలో 0.0225, వ్యాసార్ధం 0.404. నేల ఉందా అని ముందే అడుగుతారేమో, ఉంది, 2005లో హైగెన్స్ అనే నౌక దిగింది. జవాబు సెంటీమీటర్లలో పంపండి, g లో పంపితే చూడను.