మెలనోమా కణంలో సిగ్నల్ ఆగిందా, కణమే చచ్చిందా: బ్లాట్‌లో తేల్చుకునే పద్ధతి

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల్లో పెరగమనే సిగ్నల్ రాస్, బీరాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల వరసలో ఒకదాన్నుంచి ఒకదానికి అందుతుంది. బీరాఫ్‌ను ఆపే మందు వేశాక వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి యాంటీబాడీతో చూసే పద్ధతి) ఫాస్ఫో-ఎర్క్, అంటే ఫాస్ఫేట్ తగిలిన చురుకైన ఎర్క్, బ్యాండ్ మాయమైతే మా ల్యాబులో జూనియర్లు పని అయిపోయిందనుకుంటారు. సిగ్నల్ ఆగడం వేరు, కణం చావడం వేరు. రెండూ ఒకే లైసేట్‌లో (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం), వేర్వేరు గంటల్లో చూడాలి.

ఏ375 అనే మెలనోమా కణాలతో మొదలుపెట్టండి. వీటి బీరాఫ్‌లో 600వ స్థానంలో వేలిన్ బదులు గ్లూటమేట్ ఉంటుంది. అందుకే పైనుంచి రాస్ చెప్పకపోయినా మెక్, ఎర్క్ నడుస్తూనే ఉంటాయి. పక్కన ఎన్‌రాస్ (రాస్‌లో ఒక రకం) మ్యుటేషన్ ఉన్న ఎస్‌కే-మెల్-2 మెలనోమా కణాలు కూడా పెట్టుకోండి. వాటిలో వెమురాఫెనిబ్ (మనం వాడే బీరాఫ్ మందు) ఎర్క్‌ను తగ్గించదు సరికదా, పెంచుతుంది. అది కనబడిందంటే మందు మీద అనుమానం అక్కర్లేదు.

మందు 1 మైక్రోమోలార్, దాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ మందులేని కంట్రోల్‌తో సహా అన్నిటికీ 0.1 శాతం. 1, 6, 24, 48 గంటలు చాలు. 48 గంటల ప్లేట్‌కు అందరికంటే ముందు, 1 గంట ప్లేట్‌కు చివర్న మందు వేస్తే అన్నీ ఒకేసారి హార్వెస్ట్‌కు వస్తాయి.

నాకు పట్టింపంతా ఇక్కడే. మీడియం పారబోయకండి. చావబోయే కణాలు ప్లేట్‌ను వదిలి అందులోనే తేలుతుంటాయి. దాన్ని ట్యూబులోకి తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరిన పెల్లెట్‌ను అదే ప్లేట్ లైసేట్‌లో కలపండి. లేదంటే బతికినవాటినే కొలిచి, మందు పనిచేయలేదని రాసేస్తాం. ప్లేట్ ఐస్ మీదే ఉండాలి. లైసిస్ బఫర్‌లో ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు (ఫాస్ఫేట్ ఊడిపోకుండా ఆపేవి) అప్పటికప్పుడు కలపండి.

ఇక బ్లాట్. గంటకే ఫాస్ఫో-ఎర్క్ జంట బ్యాండ్లు, 44, 42 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గరివి, పోతాయి. 24 గంటలు దాటాక మళ్లీ సన్నగా తేలతాయి. ఎర్క్ చురుగ్గా ఉన్నప్పుడు డస్ప్6, స్ప్రౌటీ ప్రోటీన్లను తయారుచేయించి తన దారికి తానే కళ్లెం వేసుకుంటుంది. ఎర్క్ ఆగితే అవీ తగ్గుతాయి, రాస్ మేలుకుంటుంది, రాఫ్‌లు జంటకడతాయి. ఆ జంటల మీద ఈ మందు సరిగా పనిచేయదు.

తర్వాత కణాన్ని చావు వైపు నెట్టే బిమ్ ప్రోటీన్ చూడండి. ఎర్క్ దానికి ఫాస్ఫేట్ తగిలించి, ప్రోటీన్లను ముక్కలుచేసే ప్రోటియాసోమ్‌కు అప్పగిస్తుంది. ఎర్క్ ఆగితే 23 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ ముదురుతుంది. బాగా దగ్గరగా చూస్తే కంట్రోల్ కంటే వెంట్రుకవాసి కిందికి దిగి ఉంటుంది. ఫాస్ఫేట్ ఊడిందనడానికి ఆ చిన్న తేడాయే గుర్తు. లోడింగ్ తప్పు అనుకుని కొట్టిపారేయకండి.

బిమ్ పెరిగినా, కణం చస్తున్నప్పుడు తెగే పార్ప్ ప్రోటీన్ 116 నుంచి 89 కిలోడాల్టన్లకు తెగలేదంటే కణం పెరగడం మానేసిందేమోగానీ చావలేదు. అప్పుడు బిమ్‌ను పట్టి ఉంచే ఎంసీఎల్-1నూ, కణాన్ని బతికించే మరో సిగ్నల్ ఏకేటీ చురుకును చూపే, సెరిన్ 473 దగ్గర ఫాస్ఫో-ఏకేటీనీ అడగండి. ఏకేటీకి కళ్లెం వేసే పీటెన్ పోయిన కణాల్లో ఏకేటీ బలంగా ఉంటుంది.

చివరగా మరో ప్లేట్‌లో మెక్‌ను ఆపే ట్రామెటినిబ్ 10 నానోమోలార్ జతచేయండి. వైద్యంలో బీరాఫ్, మెక్ మందులను కలిపి ఇవ్వడం వెనక ఉన్న ఆలోచన ఇదే: తిరిగొచ్చే సిగ్నల్‌ను మెక్ దగ్గర ఆపడం. 48 గంటలకూ ఎర్క్ లేవకుండా, పార్ప్ కూడా తెగకుండా ఉంటే ఇక ఎర్క్‌ను వదిలేసి బీసీఎల్-2 కుటుంబం (బిమ్, ఎంసీఎల్-1 ఉండేది ఇందులోనే) వైపు వెళ్లండి.