ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఆ ఏడాది చదువును పరిచయం చేయడం ఎలా?

ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చివరిది. మరుసటి జూన్‌లో పిల్లలు హైస్కూల్లో అడుగుపెడతారు. అక్కడ పీరియడుకొక ఉపాధ్యాయుడు వస్తాడు, సబ్జెక్టుకొక నోటుపుస్తకం ఉంటుంది, ఎవరి పని వారే గుర్తుపెట్టుకుని చేసుకోవాల్సి వస్తుంది. అందువల్ల ఈ ఏడాది బడిలో ఏమి చెబుతారో, పిల్లల నుంచి ఏమి ఆశిస్తారో, ఇంటి నుంచి ఏ సాయం కావాలో తల్లిదండ్రులకు జూన్ నెలాఖరులోగా, ఆలస్యమైతే జూలై మొదట్లోనైనా తెలియజేయాలి. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి గురించి తల్లిదండ్రులతోనూ సంరక్షకులతోనూ క్రమం తప్పకుండా సమావేశమై చెప్పడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో ఉపాధ్యాయుల విధుల్లో ఒకటిగా చేర్చారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశాల వంటివి బడి మొత్తానికీ సంబంధించినవి. ముగ్గులు, ప్రసంగాలు, సహపంక్తి భోజనాల మధ్య ఒక్క తరగతి పాఠ్యాంశాలను విడమరచి చెప్పడానికి వాటిలో తీరిక దొరకదు. దానికి తరగతి ఉపాధ్యాయుడు గంటసేపు విడిగా సమావేశం పెట్టుకోవడమే మార్గం.

మొదట వేళ కుదుర్చుకోవాలి

ప్రకాశం జిల్లాలో ఈ సమావేశం బాగా జరిగిందా లేదా అన్నది సగానికి సగం వేళను బట్టే తేలిపోతుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారు, పొద్దున్నే కూలికి బయలుదేరేవారు మధ్యాహ్నం మూడు గంటలకు రమ్మంటే రారు, వస్తే ఆ రోజు కూలి పోతుంది. సాయంత్రం ఆరు గంటలకో, ఆదివారం ఉదయమో పెట్టుకోవడం మేలు. కొండపి, టంగుటూరు ప్రాంతాల పొగాకు రైతులకు జూన్, జూలై నెలల్లో కొంత వెసులుబాటు ఉంటుంది కాబట్టి ఆ అవకాశాన్ని వదులుకోకూడదు. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదులు, అంటే బ్యారన్లు, కాల్చడం మొదలయ్యాక వారిని బడికి పిలిపించడం ఎవరి తరమూ కాదు.

కబురు పిల్లల చేత చీటీ రూపంలో పంపితే అది సంచి అడుగునే ఉండిపోవచ్చు. తరగతి వాట్సాప్ గ్రూపులో చదవలేనివారికి కూడా అర్థమయ్యేలా ఒక నిమిషం మాటను రికార్డు చేసి పెట్టాలి, ఫోన్లు లేనివారికి పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుల ద్వారా చెప్పించాలి. తల్లిదండ్రులు హైదరాబాదుకో బెంగళూరుకో పనులకు వెళ్లిన ఇళ్ల నుంచి అమ్మమ్మలు, నాయనమ్మలు వస్తారు. ‘మీరెందుకు వచ్చారు’ అన్న చూపు కూడా వారి మీద పడకూడదు, చట్టం సంరక్షకులు అన్నది వారిని ఉద్దేశించే.

సమావేశానికి ముందే ప్రతి పిల్లవాడి స్థాయిని చూసుకోవాలి

బడి తెరిచిన రెండు వారాల్లో ప్రతి విద్యార్థి చేత తెలుగులో ఒక పేజీ, ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు చదివించి, అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి, భాగహారం ఒకటి చేయించి, ఐదు వాక్యాల డిక్టేషన్ రాయించి ఆ కాగితాన్ని దాచాలి. ఆ కాగితం ఎదుట ఉంటే ‘మీ అబ్బాయి బాగా చదువుతున్నాడు’, ‘ఇంకా శ్రద్ధ పెట్టాలి’ వంటి అర్థం లేని మాటలతో పని ఉండదు. అయితే ఎవరి కాగితమైనా వారి ఇంటివారికి మాత్రమే చూపించాలి. అందరి ముందూ వెనుకబడినవారి పేర్లు చదివితే, ఆ తల్లి మరోసారి బడి గడప తొక్కదు.

పాఠ్యాంశాలను చెప్పడం కంటే చూపించడం మేలు

తెలుగు, ఇంగ్లిషు, గణితం, పరిసరాల విజ్ఞానం పుస్తకాలను తల్లిదండ్రుల చేతికే ఇవ్వాలి. ప్రభుత్వం ఇచ్చే గణితం, పరిసరాల విజ్ఞానం పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లిషు, దాని ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటాయి. ఇంగ్లిషు మీడియం అనగానే తమకు ఇక సంబంధం లేదనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఎదురు పేజీని వేలితో చూపించి, ‘అమ్మా, ఇది మీరు చదవగలరు, పాప ఇంగ్లిషులో చెప్పింది సరిగ్గా ఉందో లేదో దీన్ని చూసి అడగవచ్చు’ అని చెప్పినప్పుడు వారి ముఖంలో బెరుకు తగ్గుతుంది. పుస్తకాలు సెమిస్టర్లవారీగా వస్తాయని, మొదటి సెమిస్టరు పుస్తకం ముగిసినా దాన్ని పారేయకూడదని కూడా అప్పుడే చెప్పాలి.

గణితం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఐదో తరగతిలో పిల్లలు తడబడేది ఇక్కడే. పెద్ద సంఖ్యలు, గుణిజాలు, కారణాంకాలు, భిన్నాలు, దశాంశాలు, చుట్టుకొలత, వైశాల్యం అని పేర్లు చదివితే వినేవారికి ఏమీ అందదు. దానికి బదులు బోర్డు మీద ఒక లెక్క రాయాలి: ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా ఉంది, రోజుకు కిలోన్నర వండుతారు, ఎన్ని రోజులు వస్తుంది? బడి మెట్లెక్కని తల్లి కూడా ‘రెండు రోజులకు మూడు కిలోలు, ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు, పదహారు రోజులు వస్తుంది, కిలో మిగులుతుంది’ అని నోటితోనే తేలుస్తుంది. అదే లెక్కను పిల్లవాడు 25ను 1.5తో భాగించి ఎలా చేస్తాడో పక్కనే రాసి చూపించి, దశాంశాలంటే ఇవేనని చెప్పాలి. వైశాల్యానికి ఇళ్ల స్థలాలను కొలిచే అంకణాలు చాలు, భిన్నాలకు పాలకేంద్రంలో పోసే ముప్పావు లీటరు చాలు. ఈ లెక్కలు ఇంట్లో పిల్లల చేత చేయించండి, ఫోనులోని క్యాలిక్యులేటర్ మాత్రం ఇవ్వకండి అంటే, చదువురాని తల్లిదండ్రులు కూడా చేయగలిగిన సాయం అది.

భాషల్లో ఐదో తరగతి ముగిసేసరికి కొత్త పేరాను చదివి అర్థం చేసుకుని, అడిగినదానికి సొంత మాటల్లో జవాబు రాయగలగాలి. గైడు చూసి ఎత్తిరాసిన జవాబు ఎంత గుండ్రని చేతిరాతలో ఉన్నా ఈ లెక్కలోకి రాదని స్పష్టంగా చెప్పాలి. పరిసరాల విజ్ఞానం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. నీరు, తిండి, వ్యవసాయం, శరీరంలోని అవయవాలు వంటి అంశాల మీద పిల్లలు ఇంటికి వచ్చి ప్రశ్నలు అడుగుతారని, విసుక్కోకుండా తెలిసినంత చెప్పమని కోరితే సరిపోతుంది.

బడి ఆశించేవి కొద్దిగా, కచ్చితంగా ఉండాలి

పది నియమాల పట్టిక పంచితే ఒక్కటీ గుర్తుండదు. మూడు చాలు. మొదటిది హాజరు. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఇందులో పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, పొగాకు ఆకు పనులకు పోయే రోజులు తీసివేస్తే మిగిలేది ఎంతో తల్లిదండ్రుల చేతే లెక్క వేయించాలి. రెండోది, రోజూ అరగంట ఇంటిపని. పెద్దలు పక్కన కూర్చుంటే చాలు, వారు చేసి పెట్టకూడదు. తప్పులతో వచ్చిన పుస్తకం చూస్తేనే ఉపాధ్యాయుడికి ఏది మళ్లీ చెప్పాలో తెలుస్తుంది. మూడోది, పిల్లలు తమ సంచి తామే సర్దుకోవడం. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఆరో తరగతిలో మొదటి నెల పిల్లలను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

‘కళ్లు వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్, చదువొస్తే చాలు’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. నవ్వి ఊరుకోకుండా, శారీరక దండననూ మానసిక వేధింపులనూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని, భయంతో కంఠతా పట్టించిన ఎక్కం బడి దాటేలోపే మరుపున పడుతుందని మర్యాదగా చెప్పాలి. ‘సాయంత్రం మీరే ట్యూషన్ చెప్పండి’ అని అడిగేవారికి, ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని అదే చట్టం 28వ సెక్షన్‌లో ఉందని తెలపాలి.

మార్కుల గురించి, ఆరో తరగతి గురించి

పరీక్షల విషయం క్లుప్తంగా ముగించవచ్చు. ఏడాది పొడవునా జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనాలకు, సెమిస్టరు చివర వచ్చే సంగ్రహణాత్మక మూల్యాంకనాలకు తేడా చెప్పి, ప్రగతి పత్రంలో గ్రేడుతో పాటు పక్కన రాసిన మాట కూడా చదివించుకోమనాలి.

అసలు ప్రశ్నలు వచ్చేది కేంద్ర ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలైన నవోదయ విద్యాలయాల ప్రవేశ పరీక్ష గురించే. ఆరో తరగతి ప్రవేశానికి జరిగే ఆ పరీక్షను ఐదో తరగతి చదువుతుండగానే, అదీ ఒక్కసారే రాయడానికి వీలుంటుంది. ఏ జిల్లా విద్యాలయంలో సీటు కోరుతున్నారో ఆ జిల్లాలోనే ఐదో తరగతి చదువుతూ ఉండాలి కాబట్టి, మధ్యలో పిల్లవాడిని వేరే జిల్లాలోని చుట్టాలింటికి మార్చాలనుకునేవారికి ఈ సంగతి ముందే చెప్పాలి. రెండు గంటల వ్యవధిలో 80 ప్రశ్నలు, 100 మార్కులు ఉంటాయి. వాటిలో మేధాశక్తికి 40 ప్రశ్నలు, అంకగణితానికి 20, భాషకు 20 కేటాయించారు. దరఖాస్తు గడువు బడి తెరిచిన కొద్ది నెలలకే ముగిసిపోతుంది కనుక ఆధార్, పుట్టినతేదీ, నివాస ధ్రువపత్రాల్లోని పేర్లు ఒకే విధంగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోమనాలి. సీట్లు తక్కువ, రాసేవారు ఎక్కువ అన్న నిజాన్ని కూడా దాచకూడదు. బాలికలకు కస్తూర్బా విద్యాలయాల్లోనూ, అందరికీ ఆదర్శ పాఠశాలల్లోనూ ఆరో తరగతి ప్రవేశాలు ఉంటాయని చెబితే, ఒకే పరీక్ష వల్ల పిల్లల మీద పడే ఒత్తిడి కొంత తగ్గుతుంది.

రానివారి సంగతి

ఎంత వేళ చూసి పెట్టినా కొందరు రారు, సాధారణంగా మనం ఎక్కువగా మాట్లాడాల్సినవారు వారే. మరుసటి వారంలో వారికి ఫోను చేయాలి, ఊళ్లోనే ఉంటే బడి వదిలాక ఇంటికి వెళ్లి రావాలి. అరుగు మీద నిలబడి పది నిమిషాల్లో పిల్లవాడి కాగితం చూపించి ఆ మూడు విషయాలు చెప్పి వస్తే చాలు. వచ్చినవారి చేత హాజరు పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకుని, రెండో సమావేశం తేదీని అక్కడే నిర్ణయించాలి. దాన్ని సంక్రాంతి సెలవులకు ముందే, అంటే డిసెంబరులో, పెట్టుకోవడం మంచిది. జూన్‌లో రాయించిన డిక్టేషన్‌నూ లెక్కలనూ అదే పద్ధతిలో డిసెంబరులో మళ్లీ రాయించి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి తల్లిదండ్రులకు చూపించాలి.