అమ్మకు హెపటైటిస్ బి ఉంటే బిడ్డకు అంటకుండా ఏం చేయాలి

మొదటి చెకప్‌లోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్‌లతో పాటు హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష (లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) కూడా చేయించుకోండి. కామెర్లు లేవు కదా అనుకోవద్దు. చాలామందికి కళ్లు పచ్చబడవు. 'రియాక్టివ్' (అంటే వైరస్ ఉన్నట్టు) వస్తే పసరు కోసం ఊళ్లు తిరగడం దండగ. పుట్టేటప్పుడు అంటుకుంటే పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలకు అది జీవితాంతం ఉండిపోతుంది.

తర్వాత వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో), ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతిందేమో) పరీక్షలు చేయించాలి. లోడ్ మిల్లీలీటరుకు 2 లక్షల ఐయూ దాటితే పుట్టగానే బిడ్డకు సూదులు వేసినా ఒక్కోసారి చాలవు. అందుకే సాధారణంగా 28వ వారం నుంచి, కొందరికి ఇంకా ముందే, వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ 300 మి.గ్రా. మాత్ర రోజుకొకటి తల్లికి ఇస్తారు. కాన్పయిందని మీరే మానేయకండి, లివర్ వాపు తిరగబెట్టవచ్చు.

అసలు పొరపాటు జరిగేది పురుటికి పుట్టింటికి వెళ్లేటప్పుడు. చెకప్‌లు చిత్తూరులో, కాన్పు శ్రీకాళహస్తిలో, రిపోర్టేమో అత్తగారింటి బీరువాలో. అక్కడి డాక్టరుకు సంగతే తెలియదు. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల కార్డు) లోపలి పేజీలో రాయించండి, రిపోర్టు ఫొటో ఫోన్లో పెట్టుకోండి.

36వ వారంలో కాన్పు చేయించుకోబోయే ఆసుపత్రిలోనే అడగండి: బిడ్డకు వేసే హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల సూది) ఉందా? 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇది ఉచితం. లేదంటే తిరుపతిలోని పెద్ద మందుల షాపులో ముందే చెప్పి పెట్టుకోవాలి. ఆదివారం రాత్రి నొప్పులొస్తే వెతకడానికి టైముండదు. తెచ్చేటప్పుడు వయల్‌ను కాగితంలో చుట్టి ఐస్ ప్యాకున్న డబ్బాలో పెట్టండి. ఐసుకు నేరుగా తగిలి గడ్డకట్టిందా, ఇక పనికిరాదు.

బిడ్డ పుట్టాక తొడమీది రక్తం శుభ్రంగా తుడిచి, 12 గంటల్లోపు రెండు సూదులూ పడాలి: ఒక తొడకు హెపటైటిస్ బి టీకా 0.5 మి.లీ., రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్. ఒకే సిరంజిలో కలపకూడదు. ఇమ్యునోగ్లోబులిన్ ఆలస్యమైతే టీకాను దానికోసం ఆపొద్దు. బరువు తక్కువని కూడా ఆపొద్దు. వేసిన టైము కార్డులో రాయించుకోండి.

ఈ జబ్బు ఒక్కదానికే సిజేరియన్ అక్కర్లేదు. చనుబాలు నిక్షేపంగా ఇవ్వొచ్చు; చనుమొన పగిలి రక్తం వస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించండి.

6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ (హెపటైటిస్ బి కూడా కలిసిన ఐదు జబ్బుల టీకా) వేయించండి. 9 నుంచి 12 నెలల మధ్య బిడ్డకు హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు యాంటీబాడీ పరీక్ష. యాంటీబాడీ మిల్లీలీటరుకు 10 మిల్లీ ఐయూకి తగ్గకూడదు, తగ్గితే టీకా మళ్లీ వేస్తారు. తొందరపడి ముందే చేయిస్తే పుట్టగానే ఇమ్యునోగ్లోబులిన్‌తో ఎక్కించిన యాంటీబాడీలే కనబడి లెక్క తప్పుతుంది.