ఒమియా బోన్సాయ్ ఊరికి గురువారం వెళ్లకండి

విశాఖలో మా మేడ మీద మర్రి, రావి బోన్సాయ్‌లు పెంచుతున్నాను. జపాన్ టూర్‌లో మాకిచ్చిన ఖాళీ రోజు గురువారం. తీరా చూస్తే, టోక్యో పక్కన సైతామాలోని ఒమియా బోన్సాయ్ గ్రామంలో మ్యూజియానికీ చాలా నర్సరీలకీ సెలవు గురువారమే! కాసేపు టెన్షన్ పడ్డాను. చివరికి శుక్రవారం అందరితో షాపింగ్‌కి వెళ్లడం మానేసి, ఒమియాకు ఆ రోజు పెట్టుకున్నాను. షాపింగ్ పోయిందని మా ఆవిడ ఇంకా సణుగుతూనే ఉంది.

1923 భూకంపం తర్వాత టోక్యో వదిలొచ్చిన బోన్సాయ్ పెంపకందారులు 1925లో ఏర్పరచుకున్న ఊరది. ఉయెనోలో ఉత్సునోమియా లైన్ రైలెక్కి తోరోలో దిగితే మిగతాది నడకే. ముందు మ్యూజియం చూడండి, మంచి బోన్సాయ్ ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. నర్సరీల్లో ఫొటోలు చాలాచోట్ల వద్దంటారు, అడిగే తీయాలి. జునిపర్ అనే సూదాకుల చెట్టు ఒకటి చూశాను, దాని కాండం సగానికి పైగా తెల్లగా ఎండిన చెక్కే. పక్కన సన్నటి పట్టీలా బతికున్న బెరడు. పైనున్న పచ్చదనమంతా ఆ పట్టీ మీదే బతుకుతోంది. అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

మొక్క కొనలేదు. దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు చీడపీడలు లేవనే ధ్రువపత్రం) లేనిదే మన దేశంలోకి తేలేం. తెచ్చినా వైజాగ్ ఉక్కకు జునిపర్ నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. కొమ్మలు కత్తిరించే కత్తెర ఒకటి కొన్నాను. అది చెకిన్ సామానులోనే పెట్టాలి సుమా!